చేతి కెమెరా : గుణదోష విచారము
(సూరత్ దృశ్యముల ఆధారముగా)

భరతముని నాట్యమునందలి ప్రవర్తనమును లోకధర్మి యనియు, నాట్యధర్మి యనియు రెండు విధములుగా పేర్కొనెను. లోకమున జనులు నడచు తీరున నడచుట, పలుకు తీరున పలుకుట లోకధర్మి. సంకేతమును ఆశ్రయించి నడచుట నాట్యధర్మి. రంగముపై నటుడు నాలుగడుగులు చుట్టి వచ్చినంతనే అతడు వేరొక నగరమున ప్రవేశించినాడని ప్రేక్షకుడు అంగీకరించుట దీనికి తెలిసిన ఉదాహరణము. చలనచిత్రమును గూర్చి మన భాషలలో సాగిన విమర్శ ఈ విభాగమును కథకును, నటనకును, వేషమునకును అన్వయించినంతగా కెమెరా కదలికకు అన్వయించినట్లు కానరాదు. అన్వయించి చూచినచో లభించు ఫలము స్వల్పము కాదు.

ట్రైపాడ్ మీద గాని, పట్టాలపై సాగు ట్రాలీ మీద గాని, క్రేను మీద గాని నిలుపక, ఛాయాగ్రాహకుడు భుజమున మోసియో చేత పట్టియో తీయు పద్ధతిని పరిశ్రమలో హ్యాండ్‌హెల్డ్ అందురు. ఈ వ్యాసమున దానిని చేతి కెమెరా అని వ్యవహరింతము. పైపైన చూచినచో ఇది కేవల లోకధర్మి. బిగింపు లేదు, ముందుగా పరచిన పట్టాలు లేవు, మనిషి నడచినట్లు దృశ్యము నడచును, మనిషి తొట్రుపడినట్లు తొట్రుపడును. కాని మానవుని కన్ను లోకమును ఇట్లు చూడదు. నడచుచున్నవానికి ఎదుటి గోడ ఎగిరిపడుచున్నట్లు తోచదు. లోపలి చెవియందలి సమతౌల్యేంద్రియము తల కదలికను గ్రహించి, కనుగ్రుడ్లను ఎదురు దిశకు త్రిప్పి, దృశ్యమును నిలిపి ఉంచును. కావున కెమెరా కుదుపు మనము చూచు తీరు కాదు. వార్తాచిత్రములను, యుద్ధరంగమున తీసిన చిత్రములను చూచి చూచి ప్రేక్షకుడు నేర్చుకొన్న సంకేతమది. లోకధర్మి వేషము ధరించిన నాట్యధర్మి యనవలెను.

ఆ సంకేతము ప్రేక్షకునితో పలుకు మాట ఒక్కటే: ఇచ్చట ఒక మనిషి ఉన్నాడు అని. చేతి కెమెరా గుణములును, దోషములును ఈ ఒక్క మాటనుండియే పుట్టుచున్నవి. ఆ మనిషి ఎవరు, అచ్చటికి ఏల వచ్చినాడు, ఎదుటివారికి అతడు ఏమి బాకీపడినాడు అను ప్రశ్నలకు చిత్రము సమాధానము చెప్పగలిగినచో కుదుపు గుణమగును. చెప్పలేనిచో అలంకారముగా మిగులును. ఈ విచారమునకు సూరత్ నగరము తగిన క్షేత్రము. అచ్చటి వస్త్ర పరిశ్రమ వస్తువుగా అంతర్జాతీయ ఖ్యాతి గడించిన వాస్తవచిత్రమొకటి వెలువడినది. అచ్చటనే ఒక అగ్నిప్రమాద సమయమున చేతిఫోనులతో తీసిన దృశ్యములు దేశమంతటిని కలచివేసినవి. పైగా వరంగల్లు, కరీంనగరము, నల్లగొండ జిల్లాలనుండి వలసపోయిన పద్మశాలీ కుటుంబములు వేల సంఖ్యలో ఆ నగరమున స్థిరపడియున్నందున తెలుగువారికి ఆ మగ్గముల చప్పుడు పరాయిది కాదు.

సూరత్ ప్రసంగమునకు పూర్వము ఈ పద్ధతి చరిత్రను కొంత స్మరింపవలెను. స్టూడియోలలో వాడిన పెద్ద కెమెరాలు తమ చప్పుడు బయటికి వినబడకుండ కప్పుకొన్న కవచములతో కలిసి ఇద్దరు ముగ్గురు మోయవలసిన బరువు గలవి. 1937లో జర్మనీలో వెలువడిన అరిఫ్లెక్స్ 35 అను చిన్న కెమెరా ఈ స్థితిని మార్చినది. తిరుగు అద్దపు షట్టరు మూలమున, ఫిల్ముపై పడుచున్న దృశ్యమునే ఛాయాగ్రాహకుడు కటకముగుండ చూడగలిగెను. భుజముపై మోయుచు, కదలుచు, గురి తప్పక తీయుట దీనివలన సాధ్యమైనది. 1958లో స్టెఫాన్ కుడెల్‌స్కీ రూపొందించిన నాగ్రా 3 అను శబ్దలేఖనయంత్రము వచ్చిన పిమ్మట ధ్వనికిని అట్టి స్వేచ్ఛయే లభించెను. 1960లో రాబర్ట్ డ్రూ బృందము తీసిన ‘ప్రైమరీ’ అను చిత్రమున, ఎన్నికల ప్రచారమునకు వచ్చిన కెనడీ జనసమ్మర్దమును చీల్చుకొని వేదికవైపు సాగుచుండగా, ఆల్బర్ట్ మేజిల్స్ కెమెరాను తలపైకెత్తి పట్టుకొని ఆయన వెనువెంట నడచెను. వాస్తవచిత్ర చరిత్రలో పలుమార్లు ఉదాహరింపబడిన దృశ్యమిది. ఇచ్చట కెమెరాకు ఒక దేహమున్నది. అది జనములో ఒకటిగా నలిగినది. నలుగుటయే దాని ప్రమాణము.

కొన్ని ఏండ్లకే ఈ ప్రమాణము అనుకరణమునకు లోనైనది. 1966 నాటి ‘అల్జీర్స్ యుద్ధము’ అను చిత్రమున దర్శకుడు పొంటెకోర్వో, ఛాయాగ్రాహకుడు మార్చెల్లో గాట్టి కల్పితదృశ్యములను వార్తాచిత్రములవలె తీసిరి. చూచినవారు నిజమైన వార్తాదృశ్యములని భ్రమపడునట్లుండుటచే, ఇందు వార్తాచిత్రమునుండి గ్రహించినది ఒక్క అడుగైనను లేదని ప్రకటించుకొనవలసి వచ్చెను. లోకధర్మి ఎంత శీఘ్రముగా నాట్యధర్మిగా మారునో చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు. 1995లో డెన్మార్కు దర్శకులు కొందరు డాగ్మె 95 పేరిట కొన్ని నియమములు విధించుకొనిరి. కెమెరా చేతనే ఉండవలెనన్నది వానిలో ఒకటి. స్వేచ్ఛకై పుట్టిన పద్ధతి వ్రతనియమమైనది! ఐనను ఆ నియమమున వెలువడిన ‘ఫెస్టెన్’ (1998) సామాన్యమైన కృతి కాదు. చిన్న వీడియో కెమెరాతో ఆంథొనీ డాడ్ మాంటిల్ తీసిన ఆ చిత్రమున కెమెరా విందుకు వచ్చిన అతిథులలో ఒకడువలె మెలగును. విందుబల్లయొద్ద దాచుకొన్న కుటుంబ పాపము బయటపడినప్పుడు, ఆ అతిథి ఎచ్చటికి చూడవలెనో తెలియక తడబడును. ఆ తడబాటు కథకు చెందినది.

ఇక దోషములు. అభినవగుప్తుడు రసప్రతీతికి ఏడు విఘ్నములను చెప్పెను. వానిలో మూడు ఇచ్చట పనికివచ్చును. మొదటిది సంభావనావిరహము, అనగా చూచుచున్నది సంభవమని సామాజికునికి తోచకపోవుట. చేతి కెమెరా ఈ విఘ్నమును తొలగించును. రెండవది నిజసుఖాదివివశీభావము, అనగా సామాజికుడు తన సొంత సుఖదుఃఖములలో మునిగిపోవుట. మూడవది స్ఫుటత్వాభావము. చేతి కెమెరా ఈ రెండు విఘ్నములను కొనివచ్చును. కన్ను కదలిక ఉన్నదనుచుండగా, లోపలి చెవి లేదనుచుండగా, దేహము ఆ వైరుధ్యమును సహింపలేక తల తిరుగును, కడుపున వికారము పుట్టును. 1999లో విడుదలైన ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ అను అమెరికా చిత్రమును చూచి కొందరు ప్రేక్షకులు అస్వస్థులై బయటికి వచ్చిన వార్తలు ప్రసిద్ధములు. తన కడుపును గూర్చి చింతించుచున్న సామాజికునికి భయానకము ఎక్కడిది? ఒకే దృశ్యము ఫోను తెరపై సహ్యమై పెద్దతెరపై అసహ్యమగుటకు కారణమును ఇదియే. పెద్దతెర దృష్టిక్షేత్రమును పూర్తిగా ఆక్రమించుకొనును. పక్కన నిలిచియున్న గోడయో కుర్చీయో కంటికి ఆధారముగా మిగులదు.

స్ఫుటత్వము సంగతి కటకమునుబట్టి మారును. చేయి ఒకే కోణమున కదలినను, 100 మిల్లీమీటర్ల కటకమున దృశ్యము 25 మిల్లీమీటర్ల కటకమునకంటె సుమారు నాలుగింతలు జరుగును. అందువలననే అనుభవజ్ఞులు చేతి కెమెరాకు విశాలకోణపు కటకమును తగిలించి, దూరమున నిలిచి లాగి చూపుటకు మారుగా, తామే దగ్గరకు పోవుదురు. ఇది సాంకేతిక నియమము మాత్రమే కాదు. దగ్గరకు పోయినవానిని ఎదుటివాడు చూడగలడు, వలదనగలడు, తిరిగి ప్రశ్నింపగలడు. దూరపు కటకముతో వణకుచు తీసిన దృశ్యము దొంగచాటు చూపువలె కనబడుట ఊరక జరుగదు. నేటి డిజిటల్ కెమెరాలలో మరియొక లోపమున్నది. వానిలో పెక్కింటి సంవేదకము దృశ్యమును పైనుండి క్రిందికి వరుసలు వరుసలుగా చదువును. వేగముగా కుదిపినచో నిలువు స్తంభములు వంగి, జావవలె ఊగుచున్నట్లు కనబడును. యంత్రశాలలో తీయువారికి ఇది నిత్యమును తగులు బాధ.

తెలుగు చిత్రములలో కెమెరా స్థైర్యమునకు ఉత్తమోదాహరణము ‘మాయాబజార్’ (1957). మార్కస్ బార్ట్‌లీ తీసిన ఆ మాయలకు కెమెరా మేకు కొట్టినట్లు నిలుచుటయే ఆధారము. ఒక వస్తువు ఉన్నచోటనే మాయము కావలెనన్నను, ఒకే ఫిల్ముపై రెండుమార్లు దృశ్యమును ముద్రింపవలెనన్నను, నడుమ కెమెరా వెంట్రుకవాసియైనను కదలరాదు. నిలిచిన కెమెరా మాయను నమ్మించినది. కదలిన కెమెరా నిజమును నమ్మించుట తరువాతి కాలపు సంగతి. 1989 నాటి ‘శివ’లో రామ్‌గోపాల్ వర్మ, ఛాయాగ్రాహకుడు ఎస్. గోపాల్ రెడ్డి స్టెడీకామ్ అను సాధనమును విరివిగా వాడిరి. 1976లో విడుదలైన ‘బౌండ్ ఫర్ గ్లోరీ’తో వెలుగులోనికి వచ్చిన గారెట్ బ్రౌన్ కల్పనమది. తీయువాని నడుముకు కట్టిన కవచమునుండి స్ప్రింగుచేయి ఒకటి కెమెరాను మోయును. అడుగుల కుదుపు కెమెరాకు చేరదు. మనిషి నడచును గాని దేహము కనబడదు. చేతి కెమెరాకును ట్రాలీకిని నడుమనున్న ఈ మూడవ జాతికి సూరత్ చిత్రమున మిక్కిలి ప్రాముఖ్యమున్నది.

రామ్‌గోపాల్ వర్మయే 2011లో ‘దొంగల ముఠా’ను చిన్న డిజిటల్ కెమెరాలతో ఐదు దినములలో తీసెను. పెద్ద బృందము, పెద్ద దీపములు లేకయే పూర్తినిడివి చిత్రము తీయవచ్చునని నిరూపించుట మట్టుకు అది సఫలము. కాని అందలి కెమెరా ఎవరి చూపు అను ప్రశ్నకు సమాధానము దొరకదు. వ్యయమును తగ్గించుట చేతి కెమెరాకు గుణమే గాని, అది నిర్మాతకు గుణము, సామాజికునికి కాదు.

సూరత్‌నకు వత్తము. రాహుల్ జైన్ దర్శకత్వమున రూపొందిన ‘మెషీన్స్’ అను వాస్తవచిత్రము 2016 నవంబరులో ఆమ్‌స్టర్‌డామ్ చిత్రోత్సవమున తొలుత ప్రదర్శింపబడెను. 2017 జనవరిలో సండాన్స్ ఉత్సవమున దాని ఛాయాగ్రాహకుడు రోద్రిగో త్రేహో విల్లానువేవాకు ప్రత్యేక పురస్కారము లభించెను. దర్శకుని మాతామహపితామహులలో ఒకరికి సూరత్‌లో చిన్న వస్త్రమిల్లు ఉండెడిదనియు, బాల్యమున అతడు అందు తిరిగినాడనియు అతడే చెప్పియున్నాడు. చిత్రమున వ్యాఖ్యాత లేడు. అంకెలు లేవు. కొలిమిలో బొగ్గు ఎగదోయు మనిషితో ఆరంభమై, రంగుల తొట్లనడుమ, అద్దకపు యంత్రములనడుమ, బట్టమూటలపై ఒరిగి నిద్రించువారినడుమ కెమెరా సాగిపోవును. మాటలాడువారు కొందరే. వినబడునది ప్రధానముగా హిందీ. దానికి మించి యంత్రఘోష.

ఆశ్చర్యకరమైన విషయమేమనగా, ఇట్టి చిత్రమున ప్రేక్షకుడు సహజముగా ఎదురుచూచు కుదుపు దాదాపు లేదు. కెమెరా నడచును, సందులలో మలుపులు తిరుగును. అడుగుల జాడ మాత్రము తెలియదు. దీనిని కొందరు సౌందర్యలాలస యనవచ్చును. బాధను అందముగా చూపుట నేరమను ఆక్షేపణము బ్రెజిల్ ఛాయాచిత్రకారుడు సెబాస్టియావ్ సాల్గాదో కృతులపై ఏనాడో వచ్చినది. ఈ చిత్రమునకును అది వర్తించును. ఆక్షేపణమును తేలికగా త్రోసివేయరాదు. ఆవిరిలో నిగనిగలాడు దేహములు, రంగుల ధారలు, చీకటిలో కొలిమి వెలుగు—వీనిని చూచుచున్నంతసేపు కన్ను సుఖించును. ఆ సుఖమునకు వెల కట్టుచున్నవాడు తెరపైనున్న కార్మికుడు.

ఐనను ఈ స్థైర్యమునకు ఒక యుక్తి కలదు. అచ్చట కదలవలసినవి యంత్రములు. అద్దకపు బల్ల, చుట్టుచున్న రూళ్లు, ఎడతెగక సాగు గుడ్డ—వీనికి తమదైన లయ యున్నది. పండ్రెండు గంటల పని ఆ లయకు కట్టుబడియున్నది. కెమెరాయును ఊగినచో ఏ కదలిక యంత్రముది, ఏ కదలిక మనిషిది అను భేదము చెడును. చిత్రమున బాగుగా గుర్తుండు దృశ్యమొకటి దీనికి సాక్ష్యము. యంత్రము ప్రక్కన నిలిచిన ఒక బాలుని కన్నులు నిద్రతో మూతపడును, తల వాలును, ఉలికిపడి లేచును, మరల వాలును. కెమెరా కదలదు. ఫ్రేము నిలిచియున్నందుననే ఆ తల అంగుళము వాలినను మనకు తెలియుచున్నది. చేతి కెమెరాతో ఈ దృశ్యమును తీసినచో ఛాయాగ్రాహకుని ఊపిరి ఆ బాలుని నిద్రను కప్పివేసి యుండెడిది. స్ఫుటత్వాభావమను విఘ్నము ఎచ్చట ప్రాణాంతకమో ఇంతకంటె స్పష్టముగా చెప్పలేము.

సాగు కెమెరాకు లోపమును ఉన్నది. కుదుపు లేని నడక తీయువాని దేహమును దాచును; దేహము దాగినచో అతని బాధ్యతయు దాగును. ఎవరు చూచుచున్నారో తెలియని చూపు యంత్రపు చూపునకు దగ్గరి చుట్టము. చిత్రమే ఈ చుట్టరికమును బయటపెట్టుట దర్శకుని నిజాయితీకి గుర్తు. యజమాని ఒకడు తన గదిలో కూర్చుండి, కర్మాగారమందంతట గోడలకు బిగించిన కెమెరాల దృశ్యములను తెరలపై చూచుచు, కార్మికులకు ఎక్కువ కూలి యిచ్చినచో చెడిపోవుదురను ధోరణిలో మాటలాడును. గోడ కెమెరా వణకదు, అలయదు, నిద్రపోదు. స్థైర్యమే సత్యమగునేని అన్నింటికంటె సత్యమైన కెమెరా అదియే కావలెను!

దీనికి చిత్రము చెప్పిన సమాధానము కుదుపు కాదు, ఎదురుచూపు. ఒకచోట కార్మికులు గుమిగూడి నేరుగా కెమెరావైపు చూతురు. వారిలో ఒకడు అడుగును: ఎందరో వచ్చి మా కష్టములు చూచి పోయినారు, మీరును పోవుదురు, మేమేమి చేయవలెనో చెప్పుడు, చేసెదము అని ఆ మాటల సారము. తెరవెనుకనున్న మనిషికి సమాధానము లేదు. కెమెరాకు దేహమున్నదని చేతి వణకు చెప్పవలసిన మాటను, ఆ క్షణమున ఎదుటివాని ప్రశ్న చెప్పినది. మృణాల్ సేన్ ‘ఇంటర్వ్యూ’ (1971)లో ట్రాములోని నటుడు ప్రేక్షకులతో నేరుగా మాటలాడుచుండగా, కెమెరా పట్టిన కె.కె. మహాజన్‌నే తెరపై చూపుట ఇట్టి యత్నమే. ఐతే సేన్ తానై దేహమును బయటపెట్టెను. సూరత్‌లో కార్మికులు దానిని బయటికి లాగిరి. రెండవది బలవత్తరము.

చేతి కెమెరా సమస్య చిత్రకారులకే పరిమితమై యున్న దినములు గతించినవి. 2019 మే 24న సూరత్‌లోని సార్థాణా ప్రాంతమున తక్షశిలా ఆర్కేడ్ అను వాణిజ్యభవనమున నిప్పంటుకొని, పై అంతస్తున తరగతులకు వచ్చిన విద్యార్థులు చిక్కుకొనిరి. 22 మంది మరణించిరి. ప్రాణములు దక్కించుకొనుటకై పిల్లలు పైనుండి దూకుట, క్రింద నిలిచినవారి చేతిఫోనులలో నమోదై కొద్ది గడియలలో దేశమంతట వ్యాపించెను. ఆ దృశ్యముల కుదుపు ఎవరును నేర్చి చేసినది కాదు. అది భీతుడైన మనిషి చేతి వణకు. అగ్నిమాపక నిచ్చెనలు చాలకపోవుట, భవనమునుండి బయటపడు దారి లేకపోవుట మొదలగునవి మాటలతో గాక కన్నులతో దేశము తెలిసికొనుటకు అవి కారణమైనవి. సాక్ష్యముగా వాని విలువ కాదనరానిది.

అదే దినమున మరియొక మాటయు పుట్టినది: ఇందరు ఫోనులు పట్టుకొని నిలుచుటకు మారుగా సాయపడవలసినది కాదా అని. ఆ నిందలో న్యాయమును కలదు, అన్యాయమును కలదు. నాలుగవ అంతస్తునుండి పడుచున్నవారిని క్రిందనున్నవాడు వట్టిచేతులతో పట్టగలడనుట సులభము కాదు. కొందరు పైకెక్కి కాపాడినారను మాటయు మరువరాదు. కాని ఆ నింద చేతి కెమెరా మౌలికదోషమును తాకినది. ట్రైపాడ్‌పై కెమెరా నిలిపినవాని చేతులు ఖాళీగా ఉండును. చేతి కెమెరా పట్టినవాని చేతులు ఖాళీగా ఉండవు. ఇచ్చట ఒక మనిషి ఉన్నాడు అని ఆ దృశ్యము చెప్పినంతనే, ఉండి ఏమి చేసినాడు అను ప్రశ్న వెన్నంటి వచ్చును. గోడ కెమెరాను ఎవరును ఇట్లడుగరు. 2020 ఏప్రిల్, మే నెలలలో స్వస్థలములకు పోనిమ్మని సూరత్ వస్త్రకార్మికులు వీధులకు వచ్చినప్పుడు ఫోను దృశ్యములు మరల వెలువడినవి. ఇట్టి దృశ్యములలో ఫోను పట్టినవాడు తానే ఆ గుంపులోనివాడైనప్పుడు పై ప్రశ్న తలయెత్తదు. అచ్చట చూచువాడును, అనుభవించువాడును ఒక్కడే.

లింబాయత్ ప్రాంతపు తెలుగువారి విషయమున ఈ విచారమునకు ప్రయోజనము కలదు. సూరత్ నగరపాలక సంస్థ నడపు ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమమునకును చోటుండుట ఆ జనసంఖ్యకు నిదర్శనము. తెలుగు చేనేతకు ‘మల్లేశం’ (2019) వంటి చిత్రము లభించినది. ఆసు పోయుటకై తల్లి చేయి వేలసార్లు ఆడుటలోని నొప్పి అందు కథావస్తువైనది. ఇల్లు విడిచి తపతీ తీరమున మరమగ్గములయొద్ద నిలిచినవాని చేయి అట్టి చిత్రమునకు తక్కువ వస్తువు కాదు. దానిని తీయబూనువానికి తొలుత ఎదురగునది చోటు సమస్య. మరమగ్గములను—సిరిసిల్లలోవలె చెప్పినచో సాంచాలను—షెడ్డులో వరుసలుగా ఇరికించి నిలుపుదురు. నడుమ మనిషి పక్కవాటుగా పోవునంత సందు. ట్రైపాడ్ కాళ్లు పరచుటకు తావు లేదు. పరచినచో నేత ఆగును, నేత ఆగినచో కూలి ఆగును. ట్రాలీ ప్రసక్తియే లేదు.

ఇచ్చట శాస్త్రదృష్టితో వింతగా తోచు సంగతి ఒకటి ఉన్నది. నాడె అటునిటు కొట్టబడుచున్నంతసేపు నేల అదురును. ఆ అదురు ట్రైపాడ్ లోహపు కాళ్లగుండ సరాసరి కెమెరాకు ఎక్కును. స్థిరమనుకొన్న దృశ్యము సన్నగా వణకి మసకబారును. మనిషి మోకాళ్లు, నడుము, భుజము ఆ సన్నని అదురును మింగివేసి, పెద్దదియు నెమ్మదియునైన ఊపును మాత్రమే పైకి పంపును. స్థైర్యమునకు పేరుపడిన సాధనము వణకుచుండగా, వణకునకు పేరుపడిన దేహము దృశ్యమును కాపాడుట ఆ షెడ్డులలో సంభవించును. ఏ పద్ధతి స్థిరము, ఏది చంచలము అనుట నేలనుబట్టి నిర్ణయింపవలసినదే గాని గ్రంథమునుబట్టి కాదు. బాలుని నిద్రకు ఆగిన కెమెరాయే ఇచ్చట భుజమునకు ఎక్కవలెను.

చోటు తరువాత భాష. యంత్రఘోషలో అచ్చట మాట వినబడదు. నేతగాండ్రు సైగలతో, పెదవుల కదలికతో పలుకరించుకొందురు. ఒక్కడే అనేక సాంచాలను చూచుకొనుచుండును. కండెలో పేక నూలు ఎప్పుడు అయిపోవునో, ఏ మగ్గమున పడుగు పోగు తెగినదో అతడు చప్పుడులోని మార్పునుబట్టి ముందే గ్రహించి అటు తిరుగును. కెమెరా పట్టినవానికి ఆ చప్పుడు అర్థము కానిచో అతడు నేతగాని వీపును అనుసరించుచు ఎల్లప్పుడును ఒక అడుగు వెనుకనే ఉండును. తడబడి, వెదకి, గురి కుదుర్చుకొనును. తెరపై ఆ తడబాటు వాస్తవికతగా మెచ్చుకోలు పొందినను పొందును. వ్రేళ్లు తెగిన పోగును వెదకి, కొస పట్టి, ముడి వేసి, మగ్గమును మరల నడిపించుటకు పట్టు కాలము కొన్ని నిమేషములు మాత్రమే. పని తెలిసినవాడు కెమెరా పట్టినచో ఆ వ్రేళ్లకంటె ముందుగా అచ్చటికి చేరియుండును. తెలియనివాడు చేరునప్పటికి ముడి పడి, నాడె మరల ఆడుచుండును.